చలిదేశాల వాల్వు

చందాపుర సర్కిల్ నుంచి ఆనేకల్ దారి పట్టుకుని అరకిలోమీటరు వెళితే ఎడమచేతి పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉంటుంది. దానికి బోర్డు ఉంది గానీ చదివినవాడు లేడు. ‘హీటింగ్ మునీంద్ర’ అంటే చాలు, ఆటోవాడు ఇంకో మాట అడగకుండా తీసుకొచ్చి దింపుతాడు. బ్రేకులకీ క్లచ్చికీ ఆ రోడ్డు మీద ఇంకో ఆరుగురు మెకానిక్కులున్నారు. ఇంజన్ వేడెక్కుతోందని ఎవరైనా వస్తే మాత్రం ఆ ఆరుగురూ మునీంద్ర దగ్గరికే పంపుతారు. అది గౌరవమో, తలనొప్పి వదిలించుకోవడమో వాళ్ళకే తెలియాలి.

మునీంద్రకి యాభై ఒకటి. మనిషి బక్కపలచన, మాట పెళుసు. బండి రాగానే బానెట్ ఎత్తి, కుడిచేత్తో రేడియేటర్ పై గొట్టం, ఎడమచేత్తో కింది గొట్టం పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. పైది కాలుతూ కిందిది చల్లగా ఉంటే రేడియేటర్ పూడుకుపోయినట్టు. రెండూ కాలుతుంటే ఫ్యాను తిరగనట్టు. నాడి పట్టి చూస్తాడని జనం మెచ్చుకుంటారు. ఆ మెప్పు ఆయన నెత్తికెక్కి చాలా కాలమైంది.

జబ్బు ఏది తేలినా ఆఖర్న చేసే వైద్యం మాత్రం ఒకటుంది. ఇంజన్ నుంచి రేడియేటర్‌కి నీళ్ళు పోయే దారిలో అరచేతిలో పట్టేంత ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది, మధ్యలో స్ప్రింగుతో. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ అది మూసుకుని ఉంటుంది, కాగాక తెరుచుకుంటుంది. కంపెనీవాళ్ళు థర్మోస్టాట్ అంటారు, మునీంద్ర వాల్వు అంటాడు. దాన్ని పీకేసి, ఖాళీ గూడు మళ్ళీ బిగించేస్తాడు. ఈ విద్య ఆయన సొంతం కాదు. ముప్పై ఏళ్ళ కిందట పని నేర్పిన వెంకటగిరియప్ప మేస్త్రి చెప్పిన పాఠం అది.

“ఇది చలిదేశాలోళ్ళు పెట్టుకున్నేది రా. మంచు పడేకాడ ఇంజను బిరీన కాగల్ల గదా, దానికి. మనకెందుకు? సుమ్నే, ఊరికే నీళ్ళకి గొంతులో అడ్డం” అనేవాడు మేస్త్రి. మునీంద్ర ఆ మాట వచ్చిన ప్రతి ఓనర్‌కీ చెబుతాడు, అదే గొంతుతో. ఈ ఏడాది కాలంలో పీకిన వాల్వులన్నీ తీగకు గుచ్చి షెడ్డు గోడకు వేలాడదీశాడు. గుమ్మంలోంచే కనబడుతుంది ఆ దండ. వేడెక్కిన బండితో బిక్కమొహం వేసుకుని వచ్చినవాడికి ఆ దండ చూస్తే సగం ధైర్యం వచ్చేది.

మునీంద్రది పావగడ పక్క పల్లె. తండ్రి పోయినప్పుడు అతనికి పదిహేడు. అక్క సొన్నమ్మకు అప్పటికే పెళ్ళయి చందాపురలో కాపురం. ఆమె మొగుడు అంజినప్ప బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ బస్సు తోలేవాడు. తమ్ముణ్ణి ఊళ్ళో వదిలేస్తే చెడిపోతాడని అక్క మొగుణ్ణి కూడా అడక్కుండా వెంటబెట్టుకుని వచ్చేసింది. ఒకటే గది ఇల్లు. దంపతులిద్దరూ గదిలో, వీడు వంట మూలలో. అంజినప్ప ఒక్కనాడు మొహం ముడుచుకోలేదు. మేస్త్రి దగ్గర పని నేర్చిన నాలుగేళ్ళూ మధ్యాహ్నం ఒంటిగంటకు సొన్నమ్మ క్యారియర్ పట్టుకుని నడిచివచ్చేది. గ్రీజు చేతులతో తినకూడదని తనే ముద్దలు చేసి పెట్టేది. పక్కవాళ్ళు నవ్వితే, “నవ్వుకోండప్పా, మీకు ముద్ద పెట్టేవాళ్ళు లేక కడుపుమంట” అని వాళ్ళ నోరు మూయించేది. మునీంద్ర సొంత షెడ్డు వేసిన రోజు కొబ్బరికాయ కొట్టింది కూడా ఆమే. పిల్లలు లేరు ఆమెకి. తమ్ముడే కొడుకు.

రెండేళ్ళ కిందట ఆమె కిడ్నీలు పాడయ్యాయి. షుగర్ ఎప్పటినుంచో ఉంది, పట్టించుకోలేదు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం రక్తం శుద్ధి చేయించాలన్నారు. ఆస్పత్రి సిల్క్ బోర్డు కూడలి దాటాక. ఉదయం ఎనిమిదికి మిషన్ ఇస్తారు. ఆలస్యమైతే తర్వాతివాళ్ళకు ఇచ్చేస్తారు, వాళ్ళని మాత్రం ఏమనగలం, వాళ్ళ ప్రాణమూ ప్రాణమే. అంజినప్ప రిటైరయ్యాక కొనుక్కున్న పాత తెల్ల కారు ఉంది. తెల్లవారగానే సొన్నమ్మని అందులో కూర్చోబెట్టుకుని, ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఎలివేటెడ్ రోడ్డు ఎక్కేసేవాడు. తొమ్మిది కిలోమీటర్లు సిగ్నల్ లేదు. ఆమెకు ఊపిరాడదని ఏసీ వేసేవాడు.

ఫిబ్రవరిలో ఆ కారు ఒకసారి వేడెక్కింది. మునీంద్ర చూశాడు. ఫ్యాను ఫ్యూజు కాలిపోయింది, ఐదు నిమిషాల పని. ఫ్యూజు మార్చి, చేయి ఊరుకోక వాల్వు కూడా తీసేశాడు. అక్క బండి కదా, ఇంకాస్త భద్రంగా ఉండనీ అనుకున్నాడు. ఆ వాల్వు కూడా తీగకెక్కింది.

మార్చిలో ఎండలు ముదిరాయి. ఎలివేటెడ్ రోడ్డు మీద ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేస్తోందని అంజినప్ప చెప్పాడు. మునీంద్ర రేడియేటర్ విప్పి కడిగించాడు. మూత మార్చాడు. మరుసటి వారం మళ్ళీ లేచింది. నీళ్ళు తిప్పే పంపు మార్చాడు. ఫ్యానుకి నేరుగా కరెంటు ఇచ్చి, తాళం తిప్పితే చాలు తిరిగేలా చేశాడు. ప్రతిసారీ షెడ్డు ముందు నిలబెట్టి గంటసేపు ఇంజన్ ఆడించేవాడు. రెండు గొట్టాలూ పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ముల్లు సగం దాటేది కాదు. నిలబెట్టి ఆడించడం వేరు, ఏసీ వేసి ఎనభైలో తోలడం వేరు. అది తెలియనివాడేం కాదు. కానీ తన చేతులు చెప్పాక ఇంకా రోడ్డు మీద పరీక్ష ఏమిటన్న పొగరు ఉంది చూడండి, అది అతన్ని కదలనివ్వలేదు.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం కారు టోల్ గేటు కూడా చేరకముందే ఆవిరి కక్కింది. చల్లబడేసరికి ఎనిమిదిన్నర. వెనక్కి వచ్చేశారు. ఆ రోజు ఆమెకు శుద్ధి జరగలేదు. కాళ్ళు వాచాయి.

సాయంత్రం షెడ్డులో కుర్చీలో కూర్చుని అంజినప్ప మెల్లిగా అన్నాడు. “మునీ, శుక్రవారం క్యాబు పెట్టుకుంటామప్పా. నువ్వు నిమ్మళంగా చూడు దీన్ని.”

మునీంద్రకి చురుక్కుమంది. “నేనుండంగ క్యాబా బావా? ఊర్లో గాడీలన్నీ నా కాడికి వస్తాండాయి, మా అక్క క్యాబులో పోతే చూసినోళ్ళు ఏమంటారు?”

“ఊరోళ్ళ మాట కాదప్పా. ఆమెకి ఒక పూట తప్పిపోయిండాది. ఇంకో పూట తప్పితే...”

“తప్పదు. నా మాట. శుక్రవారం దీంట్లోనే పోతారు. ముల్లు ముక్కాలు దాటితే మాత్రం ఆపెయ్. దాటదులే.”

అంజినప్ప తాళంచెవి అక్కడే పెట్టి లేచాడు. ఎదుటివాడి మాట తీసిపారేయడం ఆయనకు చేతకాదు. బుధ, గురువారాలు రెండూ మునీంద్ర వేరే పని ముట్టుకోకుండా ఆ కారుకే అంటిపెట్టుకున్నాడు. కొత్త రేడియేటరే తెచ్చి వేశాడు. గురువారం సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ఆమె మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది.

“తిన్నావేమిరా?” అంది మొదట. తర్వాత, “నువ్వు చేసినావంటే సరిపోయిండాదిలే. మీ బావకు బో భయం” అంది.

శుక్రవారం ఉదయం ఎలివేటెడ్ రోడ్డు మీద సగం దూరం పోయాక ముల్లు ముక్కాలు దాటింది. అంజినప్ప ఆపలేదు. ఇంకో నాలుగు కిలోమీటర్లు పోతే దిగిపోతాం కదా అనుకున్నాడు. రెండు కిలోమీటర్లు పోయాక బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి వచ్చి అద్దం మూసేసింది. ఇంజన్ ఆగిపోయింది. ఆ రోడ్డు మీద ఆటోలు రావు, నడవనివ్వరు. పక్కనుంచి బండ్లు ఝామ్మని పోతుంటాయి, ఆగేవాడు ఉండడు. టోల్ వాళ్ళ సాయం బండి వచ్చి, వాళ్ళని కిందికి దింపి, ఆటో దొరికి, ఆస్పత్రి చేరేసరికి పదిన్నర. మిషన్ ఇంకొకరికి ఇచ్చేశారు. మర్నాడు పొద్దున పెడతామన్నారు. రాత్రి ఆమె ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. శనివారం తెల్లవారకముందే సొన్నమ్మ పోయింది.

పదకొండు రోజులూ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ అంజినప్ప ఒకటే చెప్పాడు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఎవరు వచ్చినా అదే. “మునీ చెప్పే ఉన్నాడు, ముల్లు లేస్తే ఆపు అని. నేను ఆపలేదు. ఆపి చల్లార్చుకుని పోయింటే గంట లేటయ్యేది, అంతే, కాళ్ళు పట్టుకోనైనా మిషన్ పెట్టించుకునేవాణ్ణి. నా చేతులారా చంపుకుంటి.”

మునీంద్ర ఆ పక్కనే నిలబడి వినేవాడు. నిజం చెప్పుకోవాలంటే లోపల అతనికీ అదే కోపం. చెప్పాను కదా, ఎందుకు ఆపలేదు ఈ మనిషి? రెండు రోజులు అన్నం మానేసి బాగుచేస్తే రెండు కిలోమీటర్ల తొందరకి అక్కని పోగొట్టాడు. బావ భుజం మీద చేయి వేసి, “పోనీలే బావా, నువ్వు కావాలని చేసినావా” అనేవాడు. అనడంలో ఓదార్పు ఎంత ఉందో, తప్పు నీదేనని ఒప్పించడం కూడా అంతే ఉంది.

కర్మ అయ్యాక కారు విప్పాడు. అనుకున్నట్టే ఇంజన్ పైభాగం, హెడ్డు, వేడికి వంగిపోయింది. దాన్ని మిషన్ మీద పెట్టి సాపు చేయించాలి. ఆ పనికి అతను ఎప్పుడూ ఊరి అవతలి కొసన ఫ్యాక్టరీలుండే పీణ్య వెళతాడు. గోనెసంచిలో చుట్టుకుని మెట్రో ఎక్కబోతే స్కానింగ్ దగ్గర ఆపి, విప్పించి, ఇదేం బాంబు అన్నట్టు చూసి వెనక్కి పంపారు. బస్సులు మారి, ఒడిలో పసిపిల్లాణ్ణి పెట్టుకున్నట్టు పెట్టుకుని వెళ్ళాడు.

పీణ్య రెండో స్టేజిలో ఆ మిషన్ షాపు కిరణ్మయిది. మదనపల్లి మనిషి. మొగుడికి నడుం పడిపోయాక ఎనిమిదేళ్ళుగా ఆమే నడుపుతోంది. హెడ్డు బల్ల మీద పెట్టి, స్టీలు పట్టీ అడ్డంగా ఉంచి, కింది సందులో పల్చటి రేకు దూర్చి చూసింది.

“మునీంద్రన్నా, ఒక మాట అడిగితే బేజారు చేసుకోరు గదా?”

“అడుగమ్మా.”

“సంక్రాంతి పోయినాక మీ షాపునుంచి ఇది ఐదో హెడ్డు. వేరే షాపులోళ్ళు ఏడాదికి ఒకటో రెండో తెస్తారు. మీరు తెచ్చినవి కంపెనీలు వేరు, ఓనర్లు వేరు. షాపొకటే. మీరు వాల్వు తీసేస్తాండారా?”

“తీయకుండా? అది చలిదేశాలోళ్ళకి...” అని మొదలుపెట్టాడు మునీంద్ర, మేస్త్రి గొంతుతోనే.

ఆమె పూర్తి చేయనివ్వలేదు. మూలనున్న తుక్కులోంచి ఒక వాల్వు గూడు, అందులో వాల్వు తీసి చేతికిచ్చింది. “అంబాసిడర్ కాలానికి చెల్లిందన్నా ఆ మాట. వీటికి రెండు తలుపులు. చూడండి. పై తలుపు తెరుచుకుంటే నీళ్ళు రేడియేటర్‌కి పోతాయి. అదే సమయంలో కింది తలుపు ఈ చిన్న బొక్కను మూస్తాది. ఈ బొక్కలో పోయే నీళ్ళు ఇంజన్లోనుంచి ఇంజన్లోకే తిరిగొస్తాయి. వాల్వు తీసేస్తే ఈ బొక్కను ఎవరు మూయాల? కాగిన నీళ్ళల్లో బోలెడు రేడియేటర్ మొగం చూడకుండానే వెనక్కి వస్తాండాయి. ఊర్లో మెల్లగ తిరిగితే నడిచిపోతాది. పెద్ద రోడ్డు మీద ఏసీ వేసి ఎత్తితే చాలదు.”

“ఇరవై ఆరేండ్లుగా చేస్తాండా నేను” అన్నాడు మునీంద్ర. కోపంగానే అన్నాడు.

“తెలుసన్నా” అంది ఆమె. “అందుకే ఇన్నాళ్ళూ అడగలేదు. నాదీ తప్పే.”

అతను వేలు పెట్టి ఆ బొక్కను మూశాడు. వేలు తీశాడు. మళ్ళీ మూశాడు. రేడియేటర్ కడిగించాడు, మార్చాడు, పంపు మార్చాడు, ఫ్యాను, మూత, అన్నీ అనుమానించాడు. తన చేత్తో తీసేసిన దాన్ని మాత్రం ఒక్కసారి అనుమానించలేదు. అక్కడే ఇనుప చెత్త మీద కూర్చుండిపోయాడు. కిరణ్మయికి సొన్నమ్మ సంగతి తెలియదు. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ తెప్పించింది.

మర్నాడు ఉదయం మునీంద్ర తీగ మీది వాల్వులన్నీ ఇంటికి పట్టుకెళ్ళాడు. వంటింట్లో పొయ్యి మీద గిన్నెతో నీళ్ళు పెట్టి, ఒక్కోదాన్ని దారం కట్టి వేలాడదీశాడు. చెడిపోయిన వాల్వు ఎంత కాగినా తెరుచుకోదు. మంచిది నీళ్ళు మరగడానికి ముందే నోరు తెరుస్తుంది.

భార్య రేణుక గుమ్మంలో నిలబడి చూసింది. “ఏం కషాయం అది?”

మొదట వేసింది అక్క కారుదే. నీళ్ళలో బుడగలు మొదలవగానే అది మెత్తగా, ఏ పేచీ లేకుండా తెరుచుకుంది. తీసి చన్నీళ్ళలో వేస్తే మూసుకుంది. దానికే జబ్బూ లేదు. మొత్తం ముప్పై నాలుగు వాల్వులు వేశాడు. ముప్పై ఒకటి తెరుచుకున్నాయి.

అప్పుడు భార్యకు చెప్పాడు. ఆమె స్టవ్ కట్టేసి, గిన్నె దింపి అంది. “ఎవురికీ చెప్పొద్దు. చెప్తే వదిన లేచొస్తాదా? షాపు మూతపడతాది, మీ బావ నీ మొగం చూడడు. మనకు ఇంకెవరుండారు?”

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అతను రెండు వారాలు ఆ మాట విన్నాడు కూడా. సాపు అయిన హెడ్డు తెచ్చి బిగించి, కొత్త వాల్వు వేసి, పొద్దున పొద్దున్నే ఎలివేటెడ్ రోడ్డు మీద మూడుసార్లు తోలాడు. ఏసీ వేసి, ఎనభై తగ్గకుండా. ముల్లు సగం దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. మూడోసారి టోల్ దాటి పక్కకు ఆపి ఏడ్చాడు. ఇంత సులువైన పనికి మనిషి పోయింది.

అయినా నోరు విప్పేవాడు కాడేమో. కానీ సాయంత్రం బావ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ మనిషి ఇంకాస్త చిక్కిపోయి కనబడుతున్నాడు. స్టీరింగ్ ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు తోలి ఒక కోడిపిల్లను కూడా తొక్కనివాడు, రోడ్డు దాటడానికి కూడా ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుంటున్నాడు. కొత్తగా ఎవరు కనబడినా, పాలవాడైనా సరే, “మునీ చెప్పే ఉన్నాడు” అని మొదలుపెడుతున్నాడు.

నెల మాసికం రోజు పావగడనుంచి, హిందూపురంనుంచి బంధువులు పాతికమంది వచ్చారు. భోజనాలయ్యాక అంజినప్ప మళ్ళీ మొదలుపెట్టాడు. ఆపలేదు, నా వల్లే, అని. మునీంద్ర లేచి నిలబడ్డాడు.

“బావ తప్పేమీ లేదు. తప్పు నాది. బాగుండే వాల్వును నేను తీసేసినా, దానివల్లే కాగింది గాడి. క్యాబు పెట్టుకుంటామంటే వద్దన్నదీ నేనే. అక్కను నేను చంపినా.”

బంధువుల్లో ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ, “చూడండప్పా, బావ కుంగిపోతాండాడని తన మీద వేసుకుంటాండాడు. ఎవరుంటారు ఈ కాలంలో ఇట్లాంటోళ్ళు” అన్నాడు. అందరూ అవునన్నారు. హీటింగ్ మునీంద్రకి బండి పాడు చేయడం వస్తుందంటే నమ్మేదెవరు? అంజినప్ప లేచి వచ్చి అతన్ని గట్టిగా పట్టుకున్నాడు. “వద్దు మునీ. నా కోసరం అబద్ధాలు చెప్పద్దప్పా. నువ్వెంత చేసినావో నేను చూసినా” అన్నాడు.

బంధువులంతా ఆ రోజు అతన్ని మెచ్చుకుని వెళ్ళారు. అతని జీవితంలో అంత బరువైన మెప్పు ఇంకోటి లేదు.

మాటతో నమ్మనివాళ్ళకి చేసి చూపించాలి. పని నేర్చినవాడికి తెలిసిన దారి అదొక్కటే. మాసికం తర్వాతి శుక్రవారం ఉదయం బావ ఇంటి ముందు కారు ఆపి, “బావా, ఒకసారి రా” అన్నాడు. అంజినప్ప రానన్నాడు. “తోలేది నేను. నువ్వు సుమ్నే కూర్చో. ముల్లు చూస్తాండు, అంతే” అన్నాడు మునీంద్ర. బతిమాలి ఎక్కించాడు.

మొదట వాల్వుతోనే ఎలివేటెడ్ రోడ్డు ఎక్కారు. ఏసీ వేసి, ఎనభైలో, ఆ చివరిదాకా. ముల్లు సగంలోనే ఉంది. తిరిగి షెడ్డుకి వచ్చి, ఇంజన్ చల్లబడేదాకా గంటన్నర కూర్చున్నారు. అప్పుడు మునీంద్ర బావ ఎదురుగానే రెండు బోల్టులు విప్పి వాల్వు తీసి, ఆయన చేతిలో పెట్టాడు. ఖాళీ గూట్లోకి టార్చి వేసి చూపించాడు. బిగించి, కారిన నీళ్ళు నింపాడు. ఇంకే పనీ చేయలేదని ఆయనకు తెలియాలని ప్రతిదీ మెల్లగా, కనబడేలా చేశాడు.

“ఇప్పుడు మళ్ళీ పోతాం బావా.”

మళ్ళీ ఏసీ వేశాడు. మళ్ళీ ఎనభై. మూడు కిలోమీటర్లదాకా ఏమీ కాలేదు. నాలుగో దాంట్లో ముల్లు సగం నుంచి కదిలింది. అంజినప్ప వాల్వు పట్టుకుని ముందుకు వంగి చూస్తున్నాడు. ఐదు. ముల్లు ముక్కాలు చేరింది, దాటింది.

“ఆపు” అన్నాడు అంజినప్ప.

“ఆ రోజు నువ్వు తోలిన దూరం...”

“ఆపమంటాండా గదా!”

మునీంద్ర పక్కకు తీసి ఆపాడు. బానెట్ కింద నీళ్ళు కుతకుతలాడుతున్న శబ్దం. పక్కనుంచి బండ్లు పోతున్నప్పుడల్లా కారు ఊగుతోంది. అంజినప్ప అద్దం దించి, బయటి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

“ఇంకో రెండు కిలోమీటర్లు ముందర, ఆడ ఆగింటిమి మేము” అన్నాడు. “నీళ్ళడిగింది మీ అక్క. నోరు ఎండిపోయిండాది, ఒక గుక్క ఇయ్యి అనింది. డాక్టరు నీళ్ళు తాగనీయొద్దన్నాడు గదా, ఇయ్యలే. రెండు లీటర్ల సీసా ఉండె. అంతా దీనికి పోస్తి. ఆమె చూస్తానే ఉండె. తమ్ముడు బాగుచేసిన గాడి గదా, నీళ్ళు పోస్తే పోతాదిలే అనింది.”

మునీంద్ర స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

“నమ్మినావా బావా?”

“నమ్మినా.”

వాల్వును అంజినప్ప రెండు సీట్ల మధ్య జాగ్రత్తగా పెట్టాడు. ఆయన గొంతులో కోపం లేదు. అలిసిపోయినవాడి గొంతు అది.

“నా మీద నాకు కోపమైతే ఎట్లో ఓర్చుకుంటి. అది నాతోనే పోయేది. నీ మీద కోపం నేనెట్ల ఓర్చుకునేది మునీ? ఆమె చేతులతో ముద్దలు తిన్నోడివి. ఇంగ మా ఇంటికి రావద్దప్పా. వస్తే ఏమంటానో నాకే తెల్దు.”

“సరే బావా” అన్నాడు మునీంద్ర.

అక్కడ దిగి నడిచిపోవడానికి లేదు. ఇంజన్ చల్లబడడానికి ముప్పావుగంటయినా పడుతుంది. నెత్తిన ఎండ మండుతోంది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఇద్దరూ ఆ కారులోనే కూర్చున్నారు.